కంకర దారులకు గేరు నేర్పిన వెలోసియో

ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్ నగరం నుంచి దక్షిణ దిశగా సాగే పాత రహదారి ఊరు దాటీదాటగానే ఎత్తుకు ఎక్కడం మొదలుపెడుతుంది. సుమారు 12 కిలోమీటర్ల ఎగుడు తరువాత, దట్టమైన ఫర్ వృక్షాల అడవి నడుమ, సముద్రమట్టానికి 1,161 మీటర్ల ఎత్తున ఒక కనుమ వస్తుంది. స్థానికులు దానిని గ్రాన్ బువా అంటారు. పెద్ద అడవి అని దాని అర్థం. పటాలలో కనిపించే పేరు రిపబ్లిక్ కనుమ. అక్కడ రోడ్డు పక్కన ఒక స్మారకం ఉంది. అది సైన్యాధిపతిదీ కాదు, రాజకీయ నాయకుడిదీ కాదు. పట్టు వ్యాపారం వదులుకుని సైకిలు దుకాణం తెరిచిన పాల్ ద వివీ అనే వ్యక్తిది. ఆయనను సైకిలు లోకం వెలోసియో అనే కలం పేరుతోనే ఎరుగును.

తారు రోడ్లను వదలి అడవి బాటల వెంట, పొలాల గట్ల పక్కన, సముద్ర తీరపు చెట్ల నీడన కంకర దారులపై సైకిలు తొక్కడం గడచిన పది పదిహేనేళ్లలో ప్రపంచవ్యాప్తంగా ఒక ఒరవడిగా మారింది. దీనికోసం ప్రత్యేకంగా తయారయ్యే గ్రావెల్ బైకులకు రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి, నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు గల మెత్తని టైర్లు. రెండు, నిట్టనిలువు ఎగుడును సైతం కూర్చునే ఎక్కగలిగేంత తేలికైన గేర్లు. అమెరికాలోని కాన్సాస్ గడ్డిమైదానాలలో 2006లో మొదలైన సుదీర్ఘ పోటీ ఈ ఒరవడికి పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా జరిగింది. అయితే ఈ రెండు గుర్తుల కోసం ఒక మనిషి నలభై ఏళ్లపాటు వాదించి, ఎగతాళికి గురై, తన జీవితకాలంలో పోటీల ప్రపంచాన్ని ఒప్పించలేక కన్నుమూశాడన్న సంగతి ఆ బైకులు కొనేవారిలో కొద్దిమందికే తెలుసు.

పాల్ ద వివీ 1853 ఏప్రిల్ 29న దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవెన్స్ ప్రాంతంలో పెర్న్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఊటలకు, జలధారలకు పేరొందిన ఆ పట్టణానికి ఈశాన్యాన వాంతూ పర్వతం గోడలా నిలిచి ఉంటుంది. పడమట రోన్ నది, దిగువన ఆ నది సముద్రంలో కలిసే చిత్తడి నేలలు. ఆయన తరువాతి జీవితమంతా ఎగువనున్న పారిశ్రామిక నగరం నుంచి ఈ దిగువ భూములకు, మధ్యధరా తీరానికి సైకిలుపై రాకపోకలు సాగించడంగానే గడిచింది.

యౌవనంలో ఆయన పట్టు వ్యాపారంలో ప్రవేశించి సెయింట్ ఎటియెన్‌లో స్థిరపడ్డారు. బొగ్గు గనులు, తుపాకుల కర్మాగారాలు, రిబ్బన్ల నేత ఆ నగరపు మూడు ఆధారాలు. తుపాకీ గొట్టాలను చెక్కడంలో చేయి తిరిగిన పనివారికి ఉక్కు గొట్టాలు, బోల్టులు, పళ్లచక్రాలు కొత్తవి కావు. అందుకే ఫ్రాన్స్‌లో సైకిలు పరిశ్రమ అక్కడ వేళ్లూనింది. గోతియే సోదరులు 1886లో ఆ నగరంలోనే తొలి ఫ్రెంచి సైకిలును తయారు చేశారని అక్కడివారు చెప్పుకుంటారు. పట్టు వ్యాపారికి యంత్రాలపై మోజు పుట్టడానికి అంతకన్నా అనువైన చోటు మరొకటి ఉండదు.

1881లో, 28వ ఏట, ఆయన తన మొదటి సైకిలు కొన్నారు. అది ముందు పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం గల ఎత్తయిన వాహనం. పెడళ్లు నేరుగా ముందు చక్రానికే బిగించి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది. కాబట్టి వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి, ఎగుడు ఎక్కాలంటే చిన్నది కావాలి. రెండూ ఒకే యంత్రంలో కుదరవు. పడితే తల ముందుగా నేలను తాకే ఆ వాహనాన్ని నడపడానికి ధైర్యం, వయసు రెండూ ఉండాలి. ఆ మోజు ఆయనను ఇంగ్లండులోని కోవెంట్రీ వరకు తీసుకువెళ్లింది. అక్కడి కర్మాగారాలలో గొలుసుతో వెనుక చక్రాన్ని తిప్పే కొత్త రకం సైకిళ్లు అప్పుడే రూపుదిద్దుకుంటున్నాయి. రెండు చక్రాలూ ఒకే పరిమాణంలో ఉండే ఈ సైకిలుతో ఇక కిందపడతామన్న భయం చాలావరకు తొలగింది. ఈనాడు మనం చూసే సైకిలు దాని సంతతే.

1887లో ఆయన పట్టు వ్యాపారాన్ని పూర్తిగా వదిలివేశారు. సెయింట్ ఎటియెన్‌లో సైకిలు దుకాణం తెరిచి, కోవెంట్రీ నుంచి సరుకు తెప్పించి అమ్మసాగారు. అదే ఏడాది ఒక పత్రికను కూడా ప్రారంభించారు. మొదట ఆ ప్రాంతం పేరుతో వెలువడిన ఆ పత్రిక తరువాత ల సిక్లిస్త్ అనే పేరుతో దేశమంతటా పాఠకులను సంపాదించుకుంది. రెండేళ్లకు, 1889లో, లా గోలువాజ్ అనే సొంత సైకిలును తయారు చేశారు. కుటుంబం గల నడివయసు మనిషి నిలకడైన వ్యాపారాన్ని విడిచి, డబ్బున్న కుర్రకారు సరదాగా జనం భావించే వస్తువును నమ్ముకోవడం ఆనాటి పట్టణ సమాజానికి వింతగా తోచి ఉండాలి. దుకాణం ఎన్నడూ పెద్ద సంస్థ కాలేదు. పత్రిక మాత్రం ఆయన ప్రయోగశాలగా మారింది. ప్రతి యాత్రలో వాడిన గేరు ఎంత, టైరు వెడల్పు ఎంత, ఏ ఎగుడులో కాలు ఎలా స్పందించింది, ఏ వేళకు ఏమి తిన్నారు అన్న వివరాలు ఆ పుటలలో కొలతలతో సహా అచ్చయ్యేవి.

ఆయనను వేధించిన ప్రశ్న చాలా సాదాది. సెయింట్ ఎటియెన్ కొండల మధ్య ఉంది. ఎటు బయలుదేరినా ఎగుడో దిగుడో తప్పదు. ఒకే గేరు ఉన్న సైకిలుతో సమతలంపై హాయిగా సాగే మనిషి, కొండ రాగానే దిగి నెట్టుకుంటూ నడవాలి. లేదా మోకాళ్లు అరిగేలా తొక్కాలి. జొన్న బస్తాను నల్ల సైకిలుకు కట్టుకుని ఎదురుగాలిలో సంతకు వెళ్లిన మన పల్లె రైతుకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. మనిషి కాలికి సుఖమైన లయ ఒకటి ఉంటుందని, దారి ఎలా మారినా ఆ లయ మారకుండా చూడవలసిన బాధ్యత యంత్రానిదేనని వెలోసియో భావించారు. కండరం అలసిపోయేది పని వల్ల కాదు, తనకు సరిపడని వేగంలో పని చేయవలసి రావడం వల్ల అన్నది ఆయన వాదన సారం.

దీనికి ఆయన కనుగొన్న మొదటి మందు మోటుగా ఉండేది. పెడళ్ల వద్ద రెండు వేర్వేరు పరిమాణాల పళ్లచక్రాలు అమర్చి, కొండ రాగానే దిగి, చేత్తో గొలుసును ఒకదాని నుంచి మరొకదానికి మార్చుకోవాలి. తరువాత సైకిలుకు ఇరువైపులా రెండు గొలుసులు బిగించి చూశారు. రెండు ఇంటూ రెండు, నాలుగు గేర్లు. ఆ కాలంలోనే సెయింట్ ఎటియెన్ పనివారు మరొక చిత్రమైన ఏర్పాటును తయారు చేశారు. పెడలును ముందుకు తొక్కితే ఒక గేరు, వెనక్కు తొక్కితే మరో తేలికైన గేరు. ఆ నగరపు పెద్ద ఆయుధ, సైకిలు కర్మాగారం ఇరొండెల్ అనే పేరుతో ఆ సైకిళ్లను విరివిగా అమ్మింది. వెనక్కు తొక్కుతూ కొండ ఎక్కడం ఈనాటి వారికి నవ్వు తెప్పించవచ్చు. కానీ ఆ తిక్క ప్రయోగాలన్నిటి వెనుక ఉన్నది ఒకే తాపత్రయం, సైకిలు దిగకుండా గేరు మార్చగలగడం. చివరకు గొలుసునే పక్కకు జరిపి ఒక పళ్లచక్రం మీద నుంచి మరొకదాని మీదకు నెట్టే డీరెయిలర్ అనే పరికరం వైపు ఆయన, ఆయన సహచరులు మొగ్గారు. ఆ నగరానికే చెందిన జొవానీ పానెల్ తయారు చేసిన ల షెమినో వంటి డీరెయిలర్లు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే మార్కెట్‌లోకి వచ్చాయి.

ఈ ప్రయోగాలకు పరీక్షాస్థలం ఆనాటి రోడ్డే. 1900 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో తారు రోడ్డు అన్నది దాదాపు లేదు. పగలగొట్టిన రాయిని పొరలు పొరలుగా పరచి, నీళ్లు చల్లి, రోలరుతో అణచిన కంకర రోడ్లే మేలైనవి. వేసవిలో దుమ్ము, వానకాలంలో బురద, బండి చక్రాలు చేసిన గాడులు, గుర్రపు నాడాల నుంచి ఊడిన మేకులు. మధ్యధరా తీరాన మొనాకోలో 1902లో ఒక వైద్యుడు రోడ్డుపై తారు పోయించి దుమ్మును అణచడంతో మార్పు మొదలైంది. కానీ అడవులకు, పల్లెలకు ఆ తారు చేరడానికి దశాబ్దాలు పట్టింది. అంటే ఈనాడు గ్రావెల్ యాత్రికులు వెతుక్కుంటూ వెళ్లే దారి ఆనాడు అందరికీ ఉన్న ఏకైక దారి. వెలోసియో తరం గ్రావెల్ సైకిలింగ్ చేస్తున్నామని అనుకోలేదు. వారికి అదే సైకిలింగ్.

గాలి నింపిన టైరు 1888లో డన్‌లప్ చేతుల మీదుగా వచ్చింది. సులువుగా విప్పి బిగించగల టైరును 1891లో మిషెలిన్ సోదరులు తెచ్చారు. ఆ తరువాత తయారీదారులందరూ టైరు ఎంత సన్నగా, ఎంత గట్టిగా ఉంటే వేగం అంత ఎక్కువన్న నమ్మకానికి వచ్చారు. వెలోసియో ఇక్కడ కూడా ఎదురు నిలిచారు. చదునైన పరీక్షా మైదానంలో ఏది వేగమో తనకు అనవసరమని, రాళ్ల దారిలో ప్రతి కుదుపూ మనిషి శక్తిని కాజేస్తుందని, వెడల్పయిన మెత్తని టైరు ఆ కుదుపును మింగి శక్తిని కాపాడుతుందని ఆయన తన పత్రికలో పదే పదే రాశారు. మిగతావారు అతి వెడల్పని భావించిన టైర్లపై తాను సన్నటి టైర్ల వారికి తీసిపోకుండా ప్రయాణించిన వివరాలను ముందుంచారు. నూరేళ్ల తరువాత ప్రయోగశాలల కొలతలు ఆయన వైపే మొగ్గాయి. ఇప్పుడు తారు రోడ్డు పోటీలలో సైతం టైర్ల వెడల్పు ఏటా పెరుగుతోంది.

గేర్ల విషయంలో ఆయనకు ఎదురైన ప్రత్యర్థి సామాన్యుడు కాదు. ఆంరీ డెగ్రాంజ్ 1893లో గంటలో 35 కిలోమీటర్లకు పైగా తొక్కి రికార్డు సృష్టించిన ఆటగాడు. తరువాత లోతో పత్రికా సంపాదకుడై, 1903లో టూర్ డి ఫ్రాన్స్‌ను ప్రారంభించారు. పోటీ అంటే మనిషి కండబలానికి పరీక్ష అని, గేర్లు మార్చుకోవడం వయసు మళ్లినవారికి తగిన సౌకర్యమని డెగ్రాంజ్ అభిప్రాయం. వెలోసియో దృష్టిలో ఆ వాక్యం తలకిందులు. వయసు మళ్లినవారు, స్త్రీలు, వారమంతా గనిలోనో మగ్గం మీదో పని చేసి ఆదివారం మాత్రమే తీరిక దొరికేవారు, వీరికి పనికిరాని సైకిలు సైకిలే కాదు. ఒకరు సైకిలును ఎవరు గెలుస్తారో తేల్చే పనిముట్టుగా చూశారు. మరొకరు ఎవరు ఇంటి నుంచి ఎంత దూరం వెళ్లగలరో తేల్చే పనిముట్టుగా చూశారు. ఇద్దరూ పత్రికలు నడిపేవారే కావడంతో ఆ వివాదం ఏళ్ల తరబడి అచ్చులోనే సాగింది.

1902లో టూరింగ్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ పిరనీస్ పర్వతాలలో యాత్రా సైకిళ్లకు ఒక కఠిన పరీక్ష ఏర్పాటు చేసింది. తూర్మలే కనుమ మీదుగా సాగే ఆ దారిలో మార్త్ ఎస్ అనే యువతి మూడు గేర్లున్న లా గోలువాజ్ సైకిలుపై యాత్రను పూర్తి చేశారు. ఆ కనుమ ఎత్తు 2,115 మీటర్లు. టూర్ డి ఫ్రాన్స్ అక్కడికి చేరడానికి ఇంకా ఎనిమిదేళ్లు ఉంది. 1910లో తొలిసారి ఆ కనుమ ఎక్కిన పోటీదారులలో మేటి అనిపించుకున్నవారు కూడా మధ్య మధ్య సైకిలు దిగి నడవక తప్పలేదు. వెలోసియో వర్గానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. డెగ్రాంజ్ మాత్రం కదలలేదు. టూర్ పోటీదారులు ఆ తరువాత కూడా కొండ పాదం వద్ద ఆగి, వెనుక చక్రాన్ని ఊడదీసి, తిప్పి బిగించుకుని, రెండో వైపున్న పళ్లచక్రంతో ఎగుడు ఎక్కవలసి వచ్చేది. చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే రెక్క నట్టులు విప్పుతూ కూర్చున్న ఆ మేటి ఆటగాళ్ల పక్క నుంచి, ఆదివారపు యాత్రికుడు గేరు మార్చుకుని సాగిపోవడం అసాధ్యమైన దృశ్యం కాదు.

టూర్ తొలి ఏడాదే సెయింట్ ఎటియెన్ ఎగువనున్న రిపబ్లిక్ కనుమను దాటిందన్నది గమనించదగిన విషయం. వెయ్యి మీటర్లకు పైబడి ఆ పోటీ ఎక్కిన తొలి కనుమ అదే. మరుసటి ఏడాది, 1904లో, స్థానిక ఆటగాడి అభిమానులు చీకటిలో అదే అడవిలో కాచి ఉండి మిగతా పోటీదారులపై దాడి చేశారు. వెలోసియో తన శిష్యులతో నెమ్మదిగా ఎక్కుతూ గేర్లను పరీక్షించుకున్న కొండ అదే.

ఆయన యాత్రలు వాదనలకన్నా ఎక్కువగా మనుషులను ఆకట్టుకున్నాయి. శనివారం రాత్రి దుకాణం మూసి, కార్బైడు దీపం వెలిగించుకుని బయలుదేరేవారు. రాత్రంతా తొక్కి, మరునాడు కూడా తొక్కి, కొన్నిసార్లు రెండో రాత్రి కూడా ఆగకుండా సాగేవారు. ఈస్టర్ సెలవులకు మాత్రం గమ్యం దాదాపు ఎప్పుడూ ఒకటే, తన పుట్టిన నేల ప్రొవెన్స్. గ్రాన్ బువా అడవిలో మంచు ఇంకా కరగని వేళ కనుమ దాటి, ఫర్ చెట్ల చీకటిలోంచి రోన్ లోయలోకి దిగితే అక్కడ అప్పటికే పండ్లతోటలు పూసి ఉంటాయి. వాలెన్స్, మోంతెలిమార్ దాటేసరికి నేల రంగు మారుతుంది. ఆలివ్ తోటలు కనిపిస్తాయి. గాలిని ఆపడానికి రైతులు వరుసగా నాటిన సైప్రస్ చెట్లు దారికి గోడలవుతాయి. అవిన్యోన్, ఆర్ల్ దాటితే ఒక పక్క క్రో అనే గులకరాళ్ల మైదానం, మరో పక్క కమార్గ్ చిత్తడి నేలలు. ఉప్పు మడులు, రెల్లు పొదలు, తెల్ల గుర్రాలు, ఆపైన సముద్రం. ఒక్క రాత్రీ పగలూ గడిచేలోగా మనిషి శీతకాలం నుంచి వసంతంలోకి తన కాళ్ల బలంతోనే చేరుకోగలడన్న సంగతి ల సిక్లిస్త్ పాఠకులకు అద్భుతంగా తోచేది.

తిరుగు ప్రయాణం మాత్రం అంత సుఖం కాదు. రోన్ లోయ వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి వీచే మిస్ట్రాల్ గాలి చెట్లనే శాశ్వతంగా వంచేస్తుంది. పోయేటప్పుడు వీపును తట్టిన గాలే వచ్చేటప్పుడు రొమ్మును తోస్తుంది. గాలి కూడా కొండ వంటిదేనని, చదునైన నేలమీద సైతం తేలిక గేరు అవసరమవుతుందని ఆయన గ్రహించింది ఈ లోయలోనే.

ఇంత దూరం సాగడానికి ఆయన తనకు తాను కొన్ని నియమాలు పెట్టుకున్నారు. అవే తరువాత యాత్రికుల సప్త నియమాలుగా ప్రసిద్ధి పొందాయి. ఆకలి వేయకముందే కొద్దికొద్దిగా తినడం, దాహం కాకముందే తాగడం, చలి వణికించకముందే మరో చొక్కా తొడుక్కోవడం, ఆకలీ నిద్రా చెడేంతగా అలసిపోకుండా చూసుకోవడం, దారిలో మాంసం, మద్యం, పొగాకు ముట్టకపోవడం, మొదటి గంటలలో ఉత్సాహం కొద్దీ శక్తిని తగలబెట్టకపోవడం వాటిలో కొన్ని. చివరిది అన్నిటిలోకి కఠినమైనది. ఇతరులు చూసి మెచ్చుకోవాలన్న గొప్పతనం కోసం పెడలు తొక్కరాదన్నది దాని భావం. మధ్యవయసులో ఆయన పూర్తి శాకాహారి అయ్యారు. దేశాల మధ్య మాట కలిపే భాషగా ఎస్పెరాంతోను ఆదరించారు. ఉదయం వేళల్లో రోమన్ తత్వవేత్త సెనెకా గ్రంథాలను చదువుకునే అలవాటు ఉండేదని శిష్యులు గుర్తు చేసుకునేవారు. ఈ జాబితా చూస్తే ఆశ్రమవాసి జీవితం గుర్తుకు రావచ్చు. ఆయన చుట్టూ చేరినవారు కూడా సెయింట్ ఎటియెన్ సంప్రదాయం అని పేరు పడేంత నిష్ఠతో ఆయనను అనుసరించారు. వెలోసియో మాటలను వేదవాక్కుగా తీసుకుని, నెమ్మదిగా పోయేవారిని చిన్నచూపు చూసిన శిష్యులూ లేకపోలేదు. చివరి నియమం వారి దాకా చేరలేదనుకోవాలి.

యాభై, అరవై ఏళ్లు దాటినా ఆయన దూరాలు పెద్దగా తగ్గలేదు. 1922లో శిష్యులు, మిత్రులు ఆయన గౌరవార్థం వెలోసియో దినం ప్రారంభించారు. సెయింట్ ఎటియెన్ నుంచి రిపబ్లిక్ కనుమ వరకు అందరూ కలిసి ఎక్కే ఆ కార్యక్రమంలో పిల్లలు, వృద్ధులు, దంపతులు జంట సైకిళ్లపై పాల్గొనేవారు. బతికుండగానే తన పేరిట జరిగే ఉత్సవంలో ఆయన కూడా తొక్కుతూ ఎక్కేవారు.

1930లో, శీతకాలం ముగుస్తున్న రోజులలో, సెయింట్ ఎటియెన్ వీధిలో సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఆయనను ట్రామ్ బండి ఢీకొంది. ఆ గాయాలతోనే ఆయన మరణించారు. వయసు 76. దశాబ్దాల పాటు రాత్రిపూట కనుమలు, నది లోయలు, రాళ్ల దిగుళ్లు దాటి క్షేమంగా ఇల్లు చేరిన మనిషికి ప్రమాదం ఇంటి ముంగిట ఎదురైంది.

అదే ఏడాది టూర్ డి ఫ్రాన్స్‌లో డెగ్రాంజ్ కొత్త నిబంధన తెచ్చారు. జాతీయ జట్లకు నిర్వాహకులే ఒకే రకమైన పసుపు పచ్చ సైకిళ్లు ఇచ్చారు. వాటికి డీరెయిలర్ లేదు. డిజోన్ నగరంలో లూసియెన్ జ్యుయీ స్థాపించిన సింప్లెక్స్ కంపెనీ అప్పటికే సాధారణ యాత్రికులకు డీరెయిలర్లు అమ్ముతోంది. దుకాణదారుడు, బడిపంతులు వాడుకునే పరికరం దేశపు మేటి ఆటగాళ్లకు మరో ఏడేళ్లు నిషిద్ధంగా ఉండిపోయింది. 1937లో అనుమతి వచ్చింది. ఆ ఏడాది రోజే లపెబీ గేర్లున్న సైకిలుపై గెలిచారు.

పోటీలకన్నా యాత్రలే ఆయన పేరును నిలిపాయి. 1947లో పారిస్ ఆడాక్స్ క్లబ్ ఫ్లెష్ వెలోసియో అనే సామూహిక యాత్రను ప్రారంభించింది. ఫ్లెష్ అంటే బాణం. ఈస్టర్ సెలవులలో ముగ్గురి నుంచి ఐదుగురు కలిసి ఒక జట్టుగా, ఎవరికి నచ్చిన చోటు నుంచి వారు బయలుదేరి, 24 గంటలలో కనీసం 360 కిలోమీటర్లు తొక్కి ప్రొవెన్స్ చేరుకుంటారు. ఇందులో మొదటి స్థానం ఉండదు. దారి ఏదో జట్టే నిర్ణయించుకోవాలి. ఈ పద్ధతి ఇతర దేశాలకూ వ్యాపించింది. 2011లో ఏర్పడిన ఆడాక్స్ ఇండియా రాండొన్యూర్స్ గొడుగు కింద మన దేశంలోనూ ఫ్లెష్‌లు జరుగుతున్నాయి. హైదరాబాద్ సహా పలు నగరాల క్లబ్బులు 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవెట్ యాత్రలు నిర్వహిస్తున్నాయి. తెల్లవారుజామున హెడ్‌లైటు వెలుగులో దాబా ముందు ఆగి ఇడ్లీ తిని మళ్లీ సైకిలు ఎక్కే ఆ యాత్రికులు, ఆకలికి ముందే తినాలన్న నియమం ఎవరిదో తెలిసినా తెలియకున్నా దానిని పాటిస్తున్నారు.

వెలోసియో దిగివెళ్లిన ఆ లోయ వెంట ఇప్పుడు జెనీవా సరస్సు నుంచి మధ్యధరా వరకు 815 కిలోమీటర్ల వియా రోనా సైకిలు మార్గం ఉంది. తీరం వెంబడి తూర్పుకు మళ్లితే మోర్ కొండలలో బెండు ఓక్ చెట్లు, చెస్ట్‌నట్ తోటల మధ్య అటవీ శాఖ మంటలార్పే బండ్ల కోసం వేసిన మట్టి దారులు వస్తాయి. ఆపైన ఎస్తెరెల్ ఎర్ర రాళ్ల కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. గ్రావెల్ యాత్రికులకు ఇప్పుడు ఇష్టమైన ప్రాంతాలివి. వేసవిలో కార్చిచ్చు ప్రమాదం ఎక్కువైన రోజులలో ఈ అడవుల్లోకి ప్రవేశం నిలిపివేస్తారు కనుక వారు వసంతంలోనే వెళ్తారు, ఆయన వెళ్లిన ఈస్టర్ రోజులలోనే. ఎగువన గ్రాన్ బువా అడవి 1974లో ఏర్పడిన పిలా ప్రాంతీయ ప్రకృతి ఉద్యానంలో భాగమైంది. కనుమ వద్ద పెద్ద రోడ్డు పక్కన స్మారకం ఉంది. దానికి ఇరువైపులా కలప బండ్లు తిరిగే కంకర బాటలు ఫర్ చెట్లలోకి చీలిపోతాయి.